ఉద్దానంలో భూమి ఊగిన రాత్రి

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లెటూరు. మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు, కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు, ఇసుక నేల, తూర్పుకి నడిస్తే సముద్రం. మా వైపు మనుషుల్ని అర్ధరాత్రి లేపి అడిగినా తుపాన్ల గురించి గంటలు గంటలు చెప్తారు, ఏ తుపానుకి ఎన్ని చెట్లు పోయాయి, ఎవరి పెంకులు ఎగిరిపోయాయి, ఎన్ని రోజులు కరెంటు లేదు అన్నీ నోటికి ఉంటాయి. భూకంపం గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. కారణం ఉంది, దేశంలో భూకంపాల జోన్లు చూస్తే మా జిల్లా జోన్ 2 లో ఉంటుంది, అంటే ప్రమాదం బాగా తక్కువ ఉన్న జోన్ అన్నమాట. మాకు తెలిసేవి చాలావరకు ఇంకెక్కడో పుట్టి, సముద్రం కిందుగానో హిమాలయాల నుంచో ప్రయాణం చేసి, అలిసిపోయి మా ఊరు చేరేవే. అయినా సరే అవి వచ్చిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి, తుపాన్లకంటే ఎక్కువగా గుర్తున్నాయి. మొన్న ఊరెళ్లి మా పాత డాబా మీద పడుకుంటే అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి, అందుకే రాస్తున్నాను.

అన్నిటికంటే బాగా గుర్తున్నది 2014 మే 21 రాత్రి. బుధవారం. అప్పటికి నా ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, ఇంట్లో ఉన్నాను. మే నెలలో మా ఊళ్లో గదుల్లో ఎవరూ పడుకోరు, పగలంతా కాగిన సిలబు రాత్రి పన్నెండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది కదా, సాయంత్రం ఆరింటికే నేను నాలుగు బకెట్ల నీళ్లు మోసుకెళ్లి డాబా మీద చల్లేదాన్ని, ఆవిరి లేచేది, ఆ తడి ఆరాక చాపలు, వాటిమీద బొంతలు, నాన్నకి మాత్రం నవారు మంచం. తలదగ్గర మరచెంబుతో నీళ్లు, దానిమీద గ్లాసు బోర్లించి. ఆ చెంబు, ఆ గ్లాసు ఎందుకు చెప్తున్నానో ఇప్పుడే తెలుస్తుంది.

ఎన్నికల ఫలితాలు వచ్చి వారం కూడా కాలేదు అప్పటికి. రాష్ట్రం రెండు ముక్కలు అవడానికి ఇంకా పన్నెండు రోజులుంది. కాబట్టి డాబాల మీద నుంచి డాబాల మీదకి ఒకటే చర్చ, రాజధాని ఎక్కడ పెడతారు, విశాఖపట్నం పెడితే మనకి దగ్గర, పెట్టరు, ఎందుకు పెట్టరు, అని. నాన్న పక్కింటి మాయ్యతో పిట్టగోడ మీదుగా వాదిస్తున్నారు, అమ్మ వంటిల్లు సర్దుకుని అప్పుడే పైకి వచ్చింది, నేను వెల్లకిలా పడుకుని ఫోన్ చూసుకుంటున్నాను. తొమ్మిదీ యాభై దాటింది.

మొదట ఒక సన్నటి వణుకు. మా వీధి చివర రోడ్డు మీద ఇసుక లారీ వెళ్తే వచ్చే లాంటిది. నేను లారీ అనే అనుకున్నాను, కానీ లారీ అయితే దగ్గరకొచ్చి దూరమైపోవాలి కదా, ఇది రావడమూ లేదు పోవడమూ లేదు, వీపు కిందే ఉంది. ఆగింది. సరే అనుకుని మళ్లీ ఫోన్‌లో పడ్డాను. కాసేపటికి, ఒక అర నిమిషం పైనే అయి ఉంటుంది, చాప కింద సిలబు పక్కకి జరిగింది. జరిగింది అనే రాయాలి, ఇంకో మాట దొరకట్లేదు నాకు. మళ్లీ ఇటు వచ్చింది, మళ్లీ అటు. తలదగ్గర చెంబు మీద బోర్లించిన గ్లాసు టకటకటకటక అని కొట్టుకోవడం మొదలెట్టింది, ఎవరూ ముట్టుకోవట్లేదు, గాలి లేదు, అది దానంతట అది కొట్టుకుంటోంది. నేను ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయాను. చెయ్యి చాచి పట్టుకుంటే ఆగిపోతుందేమో అనిపించింది కానీ చెయ్యి లేవలేదు.

ఆ క్షణంలో నాకు తట్టింది భూకంపం అని కాదు. నాకేదో అయింది అని. మధ్యాహ్నం ఎండలో తిరిగాను, కళ్లు తిరుగుతున్నాయి, జ్వరం వస్తోందేమో, ఇవీ నా ఆలోచనలు. తర్వాత చాలామందిని అడిగాను, అందరూ ఇదే చెప్పారు. దూరం నుంచి వచ్చిన భూకంపం ఎప్పుడూ ముందు మనమీద మనకే అనుమానం పుట్టిస్తుంది. పుట్టినప్పటి నుంచి కదలకుండా ఉన్నది నేల ఒక్కటే, అది కదిలిందని ఒప్పుకోవడం కంటే మన ఒంట్లోనే ఏదో తేడా వచ్చిందనుకోవడం మనసుకి తేలిక. పక్కన ఇంకో మనిషి నోరు తెరిచి చెప్పేదాకా అది భూకంపం కాదు.

మా డాబా మీద నోరు తెరిచింది పక్కింటి మాయ్య. రాజధాని మాట మధ్యలో ఆపేసి, "ఒరే, నీకూ ఊగిందేట్రా?" అన్నాడు నాన్నతో. అంతే. ఆ మాట వినగానే నా గుండె దడదడా కొట్టుకోవడం మొదలైంది, అంతదాకా లేని భయం ఒక్కసారిగా వచ్చింది, అప్పటికి ఊగడం ఆగిపోయింది కూడా.

తర్వాత కిందకి దిగడం. మెట్లు దిగుతుంటే అనిపించింది, ఈ మెట్లు ఇప్పుడు పడిపోతే అని. రోజుకి పదిసార్లు ఎక్కి దిగే మెట్లు, నాన్న దగ్గరుండి కట్టించుకున్న మెట్లు, వాటిమీద కాలు పెట్టడానికి భయపడ్డాను. అమ్మ "ముసలామె లోపలుంది, ముసలామె లోపలుంది" అంటూ నాకంటే ముందు దిగేసింది. మా నాన్నమ్మ డాబా ఎక్కలేదు, మోకాళ్ల నొప్పులు, కింద సావిట్లో పడుకునేది. మేము వెళ్లేసరికి ఆవిడ వీధి అరుగు మీదకి వచ్చి కూర్చుని ఉంది, నోట్లో చుట్ట, అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లోకి పెట్టి పీల్చడం, మా వైపు ఆ తరం ఆడవాళ్లు చాలామంది అలాగే తాగేవాళ్లు. చుట్ట తీసి, "ఆదిశేషుడు పడగ మార్సుకున్నాడే, బరువెక్కువైపోనాదేమో" అంది. చాలా మామూలుగా. ఆ మామూలుతనం చూశాక నాకు కొంచెం ఊపిరి ఆడింది.

అయిదు నిమిషాల్లో వీధంతా రోడ్డు మీద ఉంది. లుంగీల మీద, నైటీల మీద, చంటిపిల్లల్ని భుజాన వేసుకుని. అందరూ ఒకర్నొకరు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు, మీకూ తెలిసిందా, మీకూ ఊగిందా అని, అవునన్న వాళ్ల మొహంలో భయంతో పాటు ఒక నెమ్మది కూడా, హమ్మయ్య నాకొక్కడికే కాదు అని. మాకేం తెలీలేదే అన్నవాళ్లు మాత్రం బాధపడ్డారు, నిజంగా, ఏదో పోగొట్టుకున్నట్టు. కుక్కలకి ముందే తెలిసిపోతుందంటారు, మా వీధి కుక్క మాత్రం ఇసుక కుప్ప మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది, జనం లేచాకే లేచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, అసలు ఇది చెప్పడానికే ఇంత రాస్తున్నానేమో. మా ఇంటికి ఎదురుగా కొబ్బరి కమ్మల ఇల్లు ఉండేది, మట్టి గోడలు, పైన కమ్మలు. ఆ ఇంటి పెద్దమ్మ, ఆవిడ కొడుకూ కోడలూ, ఇద్దరు పిల్లలు. అంతకు ముందు అక్టోబర్‌లో, 2013 అక్టోబర్ 12 న, ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, గోపాల్‌పూర్ అంటే మాకు ఎంతో దూరం కాదు, ఆ రాత్రి వాళ్లంతా మా సిలబు ఇంట్లోనే ఉన్నారు. వాళ్లతో పాటు ఇంకో రెండు మూడు కుటుంబాలు. తలుపులు బిగించి, కిటికీలకి గోనెసంచులు కుక్కి, బయట గాలి చేసే ఆ అరుపు వింటూ తెల్లారేదాకా కూర్చున్నాం. పొద్దున్న చూస్తే వాళ్ల ఇంటికి కమ్మలు లేవు. తుపాను వస్తే పక్కా ఇంట్లోకి పోవాలి, ఇది మా ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు.

భూకంపం రాత్రి అది తిరగబడింది. సిలబు ఇళ్ల వాళ్లందరం రోడ్డు మీద, మళ్లీ లోపలికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం లేదు. కమ్మల ఇంటి వాళ్లు మాత్రం పిల్లల్ని లోపల పడుకోబెట్టేసి వాకిట్లో కూర్చున్నారు, మట్టి గోడ సంగతి ఎవరి బుర్రకీ తట్టలేదు ఆ రాత్రి, నెత్తిమీద సిలబు లేదు అదే చాలు అన్నట్టు ఉన్నారు. ఆ పెద్దమ్మ మా అమ్మని చూసి, "రోడ్డు మీద ఎందుకమ్మా, రండి, మా వాకిట్లో కూకోండి, పురుగూ పుట్రా తిరుగుతాయి" అని చాప వేసింది. మేమంతా వెళ్లి అక్కడ కూర్చున్నాం, నాన్నమ్మతో సహా. కాసేపటికి ఆవిడే అంది, "తుపానొస్తే మేం మీ ఇంటికొచ్చినాం, ఇది వస్తే మీరు మా ఇంటికొచ్చినారు, సరిపోనాది". ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదు, ఎంతో సంతోషంగా అంది, ఇచ్చుకోవడానికి తన దగ్గరా ఒకటి ఉందన్నట్టు. మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు ఇవాళ్టికీ భూకంపం అన్న మాట వినబడితే ముందు కళ్లముందుకొచ్చేది ఆ వాకిలి, పేడతో అలికిన ఆ నేల.

ఆ వాకిట్లోనే నాన్నమ్మ ఒక కబురు చెప్పింది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ల అత్తగారు చెప్పేదట, తన చిన్నప్పుడు ఒకసారి నేల అదిరి గోలెంలో నీళ్లు తొణికాయని, ఊరంతా గుడి దగ్గరకి పరిగెత్తారని. ఏ సంవత్సరమో నాన్నమ్మకి తెలీదు. చాలా కాలం తర్వాత పాత భూకంపాల జాబితా చూస్తుంటే 1917 లో విజయనగరం ప్రాంతంలో ఒకటి వచ్చినట్టు కనబడింది, వయసులు లెక్కేసుకుంటే సరిపోయేలాగే ఉంది, అదే అయి ఉంటుందని నా నమ్మకం. మా వైపు ఎప్పుడూ రాలేదు అనుకుంటాం కానీ, వచ్చినవి చెప్పేవాళ్లు పోయారంతే.

మర్నాడు టీవీలోనూ పేపర్లోనూ వచ్చింది, బంగాళాఖాతంలో భూకంపం, తీవ్రత 6, ఒడిశా తీరానికి దూరంగా సముద్రం అడుగున, సమయం రాత్రి 9.52. భువనేశ్వర్, కోల్‌కతా, చెన్నై దాకా తెలిసిందట. సునామీ వస్తుందేమో అని మా ఊరి వాళ్లు చాలామంది రాత్రంతా సముద్రం వైపే చెవి పెట్టి ఉన్నారు, అది రాలేదు, సునామీ లేపేంత పెద్దదీ కాదు, పైగా భూమిలో నలభై కిలోమీటర్ల పైనే లోతులో వచ్చింది. నాకు ఆ మొదటి వణుకు, తర్వాత ఆగడం, మళ్లీ ఊపు, ఈ రెండూ ఎందుకు విడివిడిగా వచ్చాయో అప్పుడు చదివితేనే అర్థమైంది. భూకంపం పుట్టిన చోటు నుంచి రెండు రకాల అలలు బయల్దేరతాయి, ఒకటి వేగంగా వస్తుంది, అది నేలని తోసినట్టు సన్నగా వణికిస్తుంది, రెండోది దానివెనక నెమ్మదిగా వస్తుంది, అదే పక్కకి ఊపేది. దూరం పెరిగేకొద్దీ ఆ రెండిటి మధ్య టైమ్ పెరుగుతుంది. మాకు అది పుట్టిన చోటు మూడు వందల యాభై కిలోమీటర్ల పైనే, అందుకే నేను లారీ అనుకుని మళ్లీ ఫోన్ చూసుకునేంత టైమ్ దొరికింది. దగ్గర్లో పుడితే ఆ టైమ్ ఉండదు, మహారాష్ట్రలో 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారి దగ్గర వచ్చింది చూడండి, నాలుగు కూడా కాలేదు, అందరూ నిద్రలో, రాళ్లూ మట్టితో కట్టిన గోడల కింద. దగ్గర దగ్గర పదివేల మంది. ఆ సంగతి చదివాక మట్టి గోడైతే ఏం కాదులే అన్న మా ఊరి ధైర్యం తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రాత్రి తర్వాత చాలా రోజులు నాకు మంచం ఊగుతున్నట్టే ఉండేది. పడుకోగానే మొదలు. లేచి కూర్చుని నీళ్ల బాటిల్ చూసేదాన్ని, అందులో నీళ్లు కదలట్లేదు అని చూసుకున్నాకే మళ్లీ పడుకునేదాన్ని. అమ్మ కూడా అంతేనట, నాకు చెప్పలేదు అప్పుడు. తుపాను భయం గాలి ఆగితే ఆగిపోతుంది, తెల్లారాక పడిన చెట్లు లెక్కపెట్టుకోవచ్చు, ఏడవచ్చు, నష్టపరిహారం కోసం రాసుకోవచ్చు. దీనికి అలాంటిది ఏమీ ఉండదు. మా ఊళ్లో ఒక పెంకు కూడా కదల్లేదు, గోడ బీటలివ్వలేదు, చూపించడానికి ఏమీ లేదు. భయం మాత్రం ఒంట్లో ఉండిపోయింది.

అంతకు చాలా ముందుది 2004. డిసెంబర్ 26 ఆదివారం, అది ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను ఏడో తరగతి. ధనుర్మాసం కాబట్టి అమ్మ తెల్లవారుజామునే లేచి వాకిట్లో ముగ్గు పెడుతోంది, నేను లోపల సావిట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాను, లేవడానికి బద్ధకం. మా సావిట్లో ఉయ్యాలబల్ల ఉండేది, టేకు బల్ల, ఇనుప గొలుసులు, మా తాత చేయించింది. ఎవరూ కూర్చోలేదు దానిమీద. గొలుసు కొక్కెం దగ్గర కిర్రు మని చప్పుడొచ్చింది, మళ్లీ కిర్రు. చూస్తే బల్ల మెల్లగా, చాలా మెల్లగా ఊగుతోంది. పిల్లి దూకి వెళ్లిందేమో అనుకున్నాను. పిల్లి ఊపితే కాసేపటికి తగ్గాలి, ఇది తగ్గట్లేదు. అప్పుడే పెరట్లోంచి నాన్నమ్మ కేక, "ఒలే, నూతిలో నీళ్లు సూడండే" అని. పరిగెత్తాను. నూతిలో నీళ్లు అటు గట్టుకీ ఇటు గట్టుకీ కొట్టుకుంటున్నాయి, చేద పైనే ఉంది, ఎవరూ తోడట్లేదు. అమ్మకి ఏమీ తెలీలేదు, నేల మీద గొంతుకూర్చుని ముగ్గు పెడుతోంది, చుక్క కూడా తప్పలేదు. మేము చెప్తే నమ్మలేదు.

అది పుట్టింది సుమత్రా దగ్గర, ఉదయం 6.28 కి, మాకు రెండు వేల కిలోమీటర్ల పైనే దూరం. తీవ్రత 9.1. అంతదూరం నుంచి పది నిమిషాల్లో మా నూతిలోకి వచ్చింది. కానీ నీళ్లు నెమ్మదిగా వస్తాయి కదా, సముద్రం మన తీరానికి వచ్చింది తొమ్మిది దాటాక. ఆ మధ్యలో ఉన్న రెండు గంటలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు. మా నాన్నమ్మ నూతిలో నీళ్లు చూసింది, మాలాగే కోస్తా అంతా ఎంతోమందికి ఏదో ఒకటి తెలిసే ఉంటుంది, కానీ అది సముద్రం వైపు నుంచి వచ్చిన కబురని చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. మా వైపు పెద్దగా ఏమీ కాలేదు, నెల్లూరు, ప్రకాశం, కృష్ణా వైపు ప్రాణాలు పోయాయి, తమిళనాడు నాగపట్నంలో అయితే చెప్పలేం. అన్ని దేశాల్లో కలిపి రెండు లక్షల ఇరవై వేల పైనే. ఆ తర్వాతే 2007 లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్‌లో, అంటే సముద్రం సమాచారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో, సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం మళ్లీ సుమత్రా దగ్గర 8.6 వచ్చినప్పుడు నేను విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నాను, అందరం మెట్ల మీంచి దిగి గ్రౌండ్‌లో నిలబడ్డాం, హెచ్చరిక వచ్చింది, బీచ్ ఖాళీ చేయించారు. ఆ రోజు భూమి పలకలు పక్కపక్కకి జరిగాయట, సముద్రం అడుగు పైకి లేవలేదు కాబట్టి పెద్ద అల రాలేదు. రాకపోయినా ముందే చెప్పారు చూడండి, నాకు అదే గొప్ప అనిపించింది.

2015 ఏప్రిల్ 25 కి నేను శ్రీకాకుళం టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, మూడో అంతస్తు. శనివారం, మధ్యాహ్నం పన్నెండు ఇంకా కాలేదు. మా సీట్ల పక్కన స్టాండ్ మీద బోర్లించిన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్. నాకు తల తేలికగా అయినట్టు అనిపించింది, నేను వెంటనే క్యాన్ వైపు చూశాను, అలవాటు అయిపోయింది కదా. క్యాన్‌లో నీళ్ల మట్టం ఒక పక్కకి లేచి, ఇంకో పక్కకి దిగి, మళ్లీ ఇటు, పడవలో ఉన్నట్టు. మా పక్క సీటు ఆవిడ నుదురు పట్టుకుని "నాకు బీపీ డౌన్ అయిందండీ, ఎవరైనా కొంచెం పంచదార ఉంటే ఇవ్వండి" అంటోంది. "బీపీ కాదక్కా, నీళ్లు చూడండి" అన్నాను. అందరం దిగి రోడ్డు మీదకి వచ్చాం, రోడ్డు మీద ఆటోలు మామూలుగా తిరుగుతున్నాయి, చెరుకురసం బండి దగ్గర జనం మామూలుగా ఉన్నారు, మేం ఎందుకు దిగామో ఎవరికీ తెలీదు. దూరం నుంచి వచ్చే పొడవాటి అలలు నేల మీద ఉన్నవాళ్లకి పెద్దగా తెలీవు, పై అంతస్తులకే ఎక్కువ తెలుస్తాయి.

నేపాల్ అని అరగంటలో తెలిసింది. 11.41 కి, తీవ్రత 7.8. మన భూభాగం ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల కిందకి నొక్కుతూ ఉంటుంది, ఎక్కడో పట్టుకుపోయి, ఎన్నో ఏళ్ల బిగువు ఒక్కసారి జారితే అది. ఖాట్మండూలో ధరహరా టవర్ కూలిపోయింది, దాదాపు తొమ్మిది వేల మంది పోయారు.

నేను అద్దెకుండే వీధికి ఒక గూర్ఖా ఉండేవాడు. రాత్రి కర్ర కొట్టుకుంటూ విజిల్ వేసుకుంటూ తిరిగేవాడు, నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి ఇచ్చినంత తీసుకునేవాడు, తెలుగు వచ్చీరానట్టు మాట్లాడేవాడు. ఊరు నేపాల్‌లో సింధుపాల్‌చోక్ వైపు అని ఎప్పుడో చెప్పాడు. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి మా ఇంటి ఓనర్ ఆంటీ గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో చిన్న నోకియా ఫోన్, నొక్కుతున్నాడు, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు, తీసేస్తున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. ఆంటీ టీ ఇచ్చింది, పక్కన పెట్టాడు, మీగడ కట్టేసింది. నేను "భయ్యా, మాకు కూడా ఊగింది ఇక్కడ" అన్నాను, ఏం మాట్లాడాలో తెలీక. అతను తల ఎత్తి "ఇక్కడ దాకా వచ్చిందా మేడమ్?" అన్నాడు. ఆ మొహం నేను మర్చిపోలేను. ఇక్కడ మూడో అంతస్తులో క్యాన్ నీళ్లు ఊగడానికి అక్కడ ఎంత జరిగి ఉండాలో అతనికి నా మాటతోనే తెలిసినట్టుంది.

రెండో రోజుకి ఫోన్ కలిసింది. ఇల్లు లేదు, రాళ్లూ మట్టి గోడలు, మొత్తం కూలిపోయింది, గేదెలు పోయాయి. మనుషులు బతికారు. నేపాల్‌లో శనివారం సెలవు, పిల్లలకి బడి లేదు, పట్టపగలు కాబట్టి వాళ్లమ్మా భార్యా పొలంలో ఉన్నారు. వీధి వాళ్లం తలా కొంత వేసుకుని ఇచ్చాం, రైలెక్కి వెళ్లాడు. మే 12 న మధ్యాహ్నం మళ్లీ అక్కడ 7.3 వచ్చినప్పుడు అతను అక్కడే ఉన్నాడు, ఆంటీ ఫోన్ చేస్తే రేకుల కింద పడుకుంటున్నాం, ఏం కాలేదు అన్నాడట. దసరా వెళ్లాక తిరిగొచ్చాడు. ఆ తర్వాత రాత్రిళ్లు అతని కర్ర చప్పుడు వినబడితే నాకు మంచి నిద్ర పట్టేది.

నాన్నమ్మ ఇప్పుడు లేదు. ఎదురింటి కమ్మల ఇల్లూ లేదు, 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చి మా ఉద్దానం కొబ్బరి చెట్లన్నీ పడుకోబెట్టేసిందే, ఆ ఏడు పోయింది, తర్వాత వాళ్లూ సిలబు ఇల్లు కట్టుకున్నారు, కట్టేటప్పుడు ఆ పెద్దమ్మ కొడుకు నాకు ఫోన్ చేసి "భూకంపానికి ఆగాలంటే ఏటి సెయ్యాలమ్మా" అని అడిగాడు, నేను నాకు తెలిసినంత చెప్పాను, స్తంభాలు, వాటిని కలుపుతూ బీములు, గోడల చుట్టూ కిటికీల పైన ఆగకుండా తిరిగే కాంక్రీట్ బ్యాండ్, రింగులు దగ్గరదగ్గరగా వేసి కొసలు లోపలికి వంచమని. మేస్త్రీ విసుక్కున్నాడట, ఇక్కడ భూకంపాలెక్కడివి అని. అయినా వేయించుకున్నాడు.

నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నరకి వంటింట్లో ఉన్నాను, హుక్కులకి తగిలించిన గరిటెలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. ఒక రెండు క్షణాలు. మా ఆయన నిద్రలో ఉన్నారు, లేపి అడిగితే నాకేం తెలీలేదు, నీకు ఎప్పుడూ అంతేగా అన్నారు. ములుగు దగ్గర, తీవ్రత 5.3 అని కాసేపటికి టీవీలో వచ్చింది, 1969 లో భద్రాచలం దగ్గర వచ్చిన తర్వాత ఆ వైపు అంతది రాలేదని చెప్పారు. ఈలోపే నాన్న ఫోన్. "టీవీలో సెప్తున్నారు, నీకు ఊగిందేటమ్మా?" అని. ఊగింది నాన్నా, మీకూ? అన్నాను. "మాకేం తెలీలేదు, నేను నూతి దగ్గరే ఉన్నాను, నీళ్లు కదల్లేదు" అన్నారు. తర్వాత మా అపార్ట్‌మెంట్ గోడలకి ఏమైనా బీటలొచ్చాయా చూడమన్నారు, ఆయన లైన్లో ఉండగానే గది గదికీ తిరిగి చూసి ఏం లేవని చెప్పాను, మంచం తలవైపు పైన అటక మీద పెట్టిన ఇత్తడి బిందెలు ఇవాళే దింపేయమన్నారు, ఆ సాయంత్రమే దింపేశాను.